ఏకవీరను చూసి ఏడవకూడదా?

ఆడవాళ్ళు సినిమా చూసి ఏడిస్తే నవ్వే హక్కు మగవాళ్ళకు ఏ శాస్త్రంలో రాసి ఉందో నాకు తెలీదు గాని, ఆ హక్కును వాళ్ళు వాడుకున్నంత శ్రద్ధగా ఓటు హక్కును కూడా వాడుకోరు. టీవీలో పాత సినిమా వస్తూ ఉంటుంది. మనం కొంగుతో కళ్ళు ఒత్తుకుంటాం. సరిగ్గా ఆ క్షణానికే ఏ చెప్పులకోసమో, కళ్ళజోడుకోసమో లోపలికి వస్తారు. ఒక నవ్వు నవ్వుతారు. "మొదలైందా కుళాయి?" అంటారు. ఆ నవ్వుకు ఇన్నేళ్ళుగా జవాబు చెప్పకుండా ఊరుకోవడం వల్లనే అది ముదిరి పాకాన పడిందని నా అభిప్రాయం. అందుకని ఇవాళ చెప్పదలచుకున్నాను. వంట అయిపోయింది, బయట ముసురు పట్టింది, తీరిక ఉంది.

నేను మాట్లాడబోయేది ఏ సినిమా గురించో ముందే చెప్పేస్తాను. 1969లో వచ్చిన 'ఏకవీర'. విశ్వనాథ సత్యనారాయణగారి నవల. సి.ఎస్. రావు దర్శకత్వం. ఎన్.టి. రామారావు, కాంతారావు, కె.ఆర్. విజయ, జమున. సంగీతం మహదేవన్. మాటలు సి. నారాయణరెడ్డిగారివి. చూడనివాళ్ళకోసం కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. మధురను మన తెలుగు నాయక రాజులు ఏలుతున్న కాలం. సేతుపతి, వీరభూపతి ప్రాణ స్నేహితులు. సేతుపతి మనసు మీనాక్షి మీద ఉంది. వీరభూపతి మనసు ఏకవీర మీద. పెద్దలు పెళ్ళిళ్ళు కుదిర్చారు. ఎట్లా కుదిర్చారంటే, ఏకవీరను సేతుపతికీ, మీనాక్షిని వీరభూపతికీ! తన స్నేహితుడు మనసిచ్చిన పిల్ల మెడలోనే తాను తాళి కట్టానన్న సంగతి ఇద్దరిలో ఏ ఒక్కరికీ తెలీదు. తెలిసేనాటికి చేసేదేమీ లేదు. నలుగురూ మంచివాళ్ళే. ఒక్క దుర్మార్గుడు లేడు తిట్టుకోవడానికి. నలుగురి బ్రతుకులూ బూడిదయ్యాయి. ఇందులో ఏడవడానికి ఏముందంటారా? ఏడవకుండా ఉండడానికి ఏముందో నాకు చెప్పండి.

ఈ సినిమా వెనక ఒక ముచ్చట ఉంది. రామారావుగారు బెజవాడ కాలేజీలో చదువుకునే రోజుల్లో విశ్వనాథవారు ఆయనకు తెలుగు గురువు. కాలేజీ నాటకంలో శిష్యుడి చేత నాగమ్మ వేషం వేయించారు. శిష్యుడు వేషానికి ఒప్పుకున్నాడు గాని మీసం తీయడానికి మాత్రం ససేమిరా అన్నాడు. మీసాలతోనే నాగమ్మై రంగం మీదికొచ్చి 'మీసాల నాగమ్మ' అనిపించుకున్నాడు. ఆ గురువు నవలకే ఆ శిష్యుడు కథానాయకుడయ్యాడు. ఆడవేషం వేసినా మీసం వదలని జాతి మరి! మన కన్నీళ్ళను చూసి నవ్వడంలో ఆశ్చర్యమేముంది?

సరే, అసలు సంగతికి వస్తాను. మాది బోథ్. ఆదిలాబాద్ జిల్లా. పోచెర జలపాతం చూడడానికి కారుల్లో వచ్చేవాళ్ళకు దారిలో తగిలే ఊరుగా మేము తెలుసు. అంతకుమించి మా ఊరితో లోకానికి పెద్దగా పనిలేదు. పత్తిచేలు, సోయాచేలు, తెలుగూ మరాఠీ గోండీ కలిసి వినబడే అంగడి. ఇక్కడ వాన పట్టిందంటే వదలదు. అట్లాంటి ముసురులో ఒకనాడు మధ్యాహ్నం మా బావగారి అమ్మాయి తన ఫోనులోంచి టీవీకి 'ఏకవీర'ను ఎక్కించింది. మా ఇంట్లో ఆరుగురం కూర్చున్నాం. పక్కింటి మరాఠీ వదిన ఉంది, ఆమెకు తెలుగు మాట్లాడడం వచ్చు గాని పుస్తకాల తెలుగు రాదు. మా అత్తగారి అక్క ఉంది, ఎనభై దాటిన మనిషి, మేమంతా పెద్దమ్మ అంటాం. అక్షరం ముక్క రాదు. మిగతా మేము వేయించిన పల్లీల చుట్టూ చేరిన సామాన్య జనం.

మధ్యలో మా బావగారు వచ్చారు. ఆయన తెలుగు చెప్పి రిటైరైన మనిషి. విశ్వనాథ అంటే చెవి కోసుకుంటారు. తలుపు దగ్గర నిలబడే ఉపన్యాసం మొదలెట్టారు. నవల ఒక మహాసముద్రమట, సినిమా దానిలోంచి ముంచిన చెంబెడు నీళ్ళట. "గ వచనం ఏడ, గీ పాటలేడ? నవల సదవకుంట సినిమా జూసి ఏడ్సుడేందమ్మా? మీరు జూసేది ఏకవీరను గాదు, ఏకవీర కట్టిన చీరను!" అన్నారు. ప్రాసకు ఆయనకే ముచ్చటేసి నవ్వుకున్నారు. మేమూ నవ్వాం, మర్యాదకు.

ఆ మర్యాద ఇక్కడ, కాగితం మీద, పాటించదలచుకోలేదు.

మొదట పుస్తకం సంగతి. నవల గొప్పది, కాదన్నదెవరు? మనసులో పేజీలకు పేజీలు నడిచే యుద్ధం తెరమీద ఒక చూపులో తేలిపోతుంది. ఆ మేరకు నష్టమే. కాని ఆ నవల చదవడానికి ఏం కావాలి? చదువు కావాలి, అదీ విశ్వనాథవారి వాక్యం వెంట ఆయాసపడకుండా నడవగల చదువు. మా వైపు ఆ చదువు ఎవరికుందండీ ఆ రోజుల్లో? నిజాం జమానాలో బడంటే ఉర్దూ బడి. ఈ సినిమాకు మాటలు రాసిన నారాయణరెడ్డిగారే మా పక్క కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టి, ఉర్దూలోనే చదువుకుని పైకి వచ్చారు. మగపిల్లవాడి సంగతి అది. ఇక ఆడపిల్ల సంగతి చెప్పేదేముంది? మా పెద్దమ్మకు ఏ భాషలోనూ పలక పట్టించలేదు. ఆమె చేతిలో కొడవలి పెట్టారు, చంకలో తమ్ముణ్ణి పెట్టారు. అట్లాంటి మనిషి దగ్గరికి ఏకవీర నడిచొచ్చి కూర్చుందంటే అది ఈ సినిమా పుణ్యం. మధుర ఎక్కడ, బోథ్ ఎక్కడ! సముద్రం, సముద్రం అంటారే, దాహమైనవాడి దగ్గరకు సముద్రం రాదు బావగారూ. చెంబే వస్తుంది.

ఇంకో చిత్రం చూడండి. 1950ల చివర్లో విశ్వనాథవారు కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చారు. మా ఉత్తర తెలంగాణ గాలి పీల్చిన మనిషి ఆయన. ఆయన నవలకు మాటలు రాసింది అదే జిల్లా కవి. 1969లో ఆ సినిమా వచ్చేనాటికి ఇద్దరిలో ఎవరికీ జ్ఞానపీఠం లేదు. తెలుగుకు మొట్టమొదటి జ్ఞానపీఠం 1970 సంవత్సరానికి విశ్వనాథవారికి వచ్చింది, రెండోది 1988కి నారాయణరెడ్డిగారికి వచ్చింది. పాటల్లో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిదీ ఒకటుంది. దాన్ని ఘంటసాలా, అప్పుడప్పుడే గొంతు విప్పుతున్న బాలసుబ్రహ్మణ్యమూ కలిసి పాడారు. ఇంతమంది పెద్దలు కూడి వండిన వంటను మేం తింటే "ఆడవాళ్ళ కాలక్షేపం" అయిపోయింది. ఇదే పెద్దల పేర్లు ఒక సభలో కరపత్రం మీద అచ్చువేస్తే మా బావగారు శాలువా కప్పుకుని ముందు వరసలో కూర్చుంటారు!

ఇక చీర సంగతి. అవును, చూశాం. చీరలు చూశాం, నగలు చూశాం, జడలు చూశాం. జమున నడుస్తుంటే ఆ నడక చూశాం. కె.ఆర్. విజయ కళ్ళెత్తి దించితే ఆ రెప్పలు చూశాం. ఏం, తప్పా? యుద్ధాల సినిమా వస్తే మగవాళ్ళు కత్తులు చూడరూ? గుర్రం కుడికాలు ముందు వేసిందా ఎడమకాలు ముందు వేసిందా అని వాదించుకోరూ? అది చరిత్ర పరిజ్ఞానమట. ఇది చీరల పిచ్చట. పొద్దున అయిదుకు లేచి నీళ్ళు పట్టి, టిఫిను చేసి, బట్టలు నానేసి, వానకు ఆరని బట్టలు దండెం మీంచి దండేనికి మార్చి, రాత్రి పదికి గ్యాసు కట్టేసే మనిషికి రెండు గంటల సేపు వెన్నెలా, వీణా, పట్టుచీరా కనబడితే కళ్ళు చల్లబడతాయి. ఆ చల్లదనానికి ఎవరి దగ్గరో అర్జీ పెట్టుకోవాలా? అందమైనదాన్ని అందంగా ఉందని చూడడం కూడా సాహిత్యంలో భాగమేనని విశ్వనాథవారి శిష్యులకు నేను చెప్పాలా?

మిగిలింది ఏడుపు. అసలు పేచీ ఇక్కడే ఉంది.

నేను అడుగుతాను, 'దేవదాసు' చూసి ఏడ్చింది ఎవరు? 1953లో వచ్చింది. శరత్ బాబు 1917లో అచ్చువేసిన నవల. నాగేశ్వరరావు తాగి తాగి, దగ్గి దగ్గి చచ్చిపోతే ఈ రాష్ట్రంలో మగజాతి మొత్తం గడ్డాలు పెంచి, శాలువా కప్పి, నిట్టూర్చింది. డెబ్భై ఏళ్ళు దాటినా ఆ నిట్టూర్పు ఆగలేదు. ప్రేమలో దెబ్బతిన్న ప్రతి కుర్రవాడికీ ఆ పేరే పెడుతున్నారు. అది ఏడుపు కాదా? కాదట, అది విషాదమట. దుఃఖం మగవాడిదైతే విషాదం, ఆడదానిదైతే ఏడుపు, కొంచెం ఎక్కువైతే ఏడుపుగొట్టుతనం. తమాషా ఏమిటంటే 'దేవదాసు' తీసిన డి.ఎల్. నారాయణగారే 'ఏకవీర' తీయడంలోనూ ఉన్నారు. అది కాసులు కురిపించింది, ఇది కురిపించలేదు. సీసా పట్టుకున్న మగవాడి బాధకు టికెట్టు తెగినట్టు, నోరు మూసుకున్న ఆడదాని బాధకు తెగదేమో!

ఆ 'దేవదాసు'లోనే చూడండి. సీసా అందరికీ గుర్తుంది. దగ్గు గుర్తుంది. పార్వతిని, ఎదిగిన పిల్లలున్న ఒక పెద్దవయసు జమీందారుకు రెండో సంబంధంగా కట్టబెట్టిన సంగతి ఎంతమందికి గుర్తుంది? ఆ పెళ్ళిపీటల మీద కూర్చున్న పిల్ల ఏ సీసా పట్టుకోవాలి? ఆమె ఆ ఇంటికి వెళ్ళి దీపాలు పెట్టింది, పెద్ద పిల్లలకు తల్లయింది. తాగడం తేలికండీ. దీపాలు పెట్టడం కష్టం.

కన్నీళ్ళు వచ్చాయి గనక బుద్ధి పనిచేయలేదని కొందరి లెక్క. మన వారపత్రికల్లో ఆడవాళ్ళు రాసిన సీరియళ్ళకూ ఇదే మాట అనేవారు, వంటింటి నవలలని. అట్లాంటి నవలాకర్త్రి కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణం' సినిమాగా వస్తే, 1964లో నంది బహుమతులు మొదలుపెట్టిన తొలి ఏడే ఆ 'డాక్టర్ చక్రవర్తి'కి బంగారు నంది ఇచ్చారు. ఇచ్చిన చేతులే మళ్ళీ నవ్వాయి. పోనివ్వండి. బుద్ధి సంగతే తేల్చుకుందాం. ఆ రోజు మా ఇంట్లో బావగారు పావుగంట సేపు శిల్పం గురించి, ధర్మం గురించి, చారిత్రక వాతావరణం గురించి చెప్పారు. అన్నీ మంచి మాటలే. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, మూల మంచం మీద ముడుచుకుని కూర్చున్న మా పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ అడిగింది:

"ఏమో బిడ్డా, నాకు గివన్ని తెల్వయి గని... గా పిల్లనెవ్వలన్న ఒక్క మాట అడిగిండ్లా?"

మరాఠీ వదిన చప్పున తలూపింది. ఆమెకు నారాయణరెడ్డిగారి మాటలు సగం అర్థం కాలేదు. ఈ మాట మొత్తం అర్థమైంది.

చదువుకున్నవాళ్ళు ఈ నవల మీద రాసిన వ్యాసాలు నేనూ కొన్ని చదివాను. ధర్మానికీ ప్రేమకూ సంఘర్షణ అంటారు, విధి అంటారు. పెద్దమ్మ దృష్టిలో విధీ లేదు, గిధీ లేదు. ఇద్దరు పిల్లల్ని పెద్దలు అడగలేదు, అందుకని నలుగురు చెడ్డారు. అంతే. వినయంగానే అంటున్నాను, ఇంతకంటే సూటిగా ఆ కథ గురించి మాట్లాడినవాళ్ళు నాకు తగల్లేదు. ఆ మాట ఆమెకు ఎక్కణ్ణించి వచ్చిందంటారా? కళ్ళలోంచి వచ్చింది. పదకొండో ఏట పెళ్ళి చేసి, బండెక్కించి పంపిన పిల్ల ఆమె. ఆమెనూ ఎవరూ అడగలేదు. ఏడుస్తున్నప్పుడు మనిషి తన్ను తాను గుర్తుపడుతుంది. అది బుద్ధిలో ఒక రకం. మార్కులు వేయరు గాని, రకమే.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. విశ్వనాథవారు సంప్రదాయవాది అని లోకమంతా అంటుంది. అట్లాంటి మనిషి ఈ కథ రాసి దానికి సేతుపతి పేరు పెట్టలేదు, వీరభూపతి పేరు పెట్టలేదు. ఏకవీర పేరు పెట్టారు. స్నేహితులిద్దరికీ కనీసం కత్తులున్నాయి, గుర్రాలున్నాయి, ఒకరికొకరున్నారు. ఆ పిల్లకు ఉన్నదల్లా ఆ పేరే. తొంభై ఏళ్ళు దాటిన ఆ నవల అట్టమీద ఆడపిల్ల పేరు చూస్తూ కూడా, ఆమె కోసం ఆడవాళ్ళు ఏడిస్తే నవ్వడమేమిటి?

ఇప్పుడు అసలు ముల్లు విప్పుతాను. ఆ మధ్యాహ్నం సినిమా పెట్టిన మా బావగారి అమ్మాయి ఉందే, ఆమె మా అందరికంటే ఎక్కువ ఏడ్చింది. ఆ పిల్ల డిగ్రీ చేసింది. పై చదువు చదువుతానంటోంది. ఆ వారంలోనే ఆమెకు ఒక సంబంధం వచ్చింది. మంచి సంబంధమే. పిల్లవాడికి ఉద్యోగం ఉంది, పొలం ఉంది. బావగారు "సరే" అని మాట ఇచ్చి వచ్చారు. ఇంట్లోకి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ వదినతో చెప్పారు. పిల్లకు వదిన చెప్పింది, అన్నం వడ్డిస్తూ. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అడగలేదు, అంతే. ఏకవీర మనసులో మెదిలిన ప్రతి తరంగాన్నీ పేజీ నంబరుతో సహా చెప్పగలిగిన మనిషి ఆయన. ఆయన ఇంట్లో, ఆయన కళ్ళ ముందు, పళ్ళెంలో మెతుకులు కెలుకుతూ కూర్చున్న పిల్ల మనసు ఆయనకు చదవాల్సిన పుస్తకంగా తోచలేదు.

బావగారు చెడ్డవారు కాదు. ఈ మాట నొక్కి చెబుతున్నాను. ఫీజులు కట్టి చదివించారు. జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంటారు. మధురలో ఆ పెద్దలూ చెడ్డవాళ్ళు కారు. అదేగా గొడవంతా! చెడ్డవాళ్ళయితే ఎదిరించవచ్చు. కడుపులో పెట్టుకుని పెంచినవాళ్ళు, మంచి చేస్తున్నామనుకుంటూ మెడ వంచమంటే ఆ పిల్ల ఎవరితో యుద్ధం చేయాలి? ఈ చిక్కుముడి గురించి పట్నాల్లో సభలు పెడతారు. మా ముందుగదిలో ఆరుగురం పల్లీలు తింటూ దాన్ని రెండు గంటలు చూశాం, చూసి ఏడ్చాం. ఆ ఏడుపు సాహిత్య చర్చకంటే ఏ విధంగా తక్కువో ఎవరైనా చెప్పాలి.

మా అమ్మాయిలకు పాత సినిమాలు చూపించొద్దు, లేనిపోని ప్రేమలు నేర్చుకుంటారు అనే తల్లులు కూడా ఉన్నారు. అమ్మలారా, ఈ సినిమాలో ప్రేమించుకున్నవాళ్ళు పారిపోలేదు. పెద్దల మాట విన్నారు. విన్నందుకే ఈ గతి పట్టింది. దీన్ని ఆడపిల్లలు చూడడం కంటే అగత్యంగా చూడాల్సింది ఆడపిల్లల తండ్రులు. అయితే వాళ్ళకు తీరిక ఉండదు, లేదా నవల చదివేసి ఉంటారు.

నేను ఊరుకోలేదు. మర్నాడు బట్టలు మడతపెడుతూ పిల్లను అడిగాను, "నీకిష్టమేనా బిడ్డా?" అని. చాలాసేపు ఒకే తువ్వాలును మడతపెట్టింది, విప్పింది. "నన్నెవలు అడిగిండ్లు చిన్నమ్మా, నువ్వే మొదలు" అన్నది. తరవాత ఏం చెప్పిందో అది ఆమెదీ నాదీ, అచ్చువేయించను. ఆ రాత్రి మా వారి చేత అన్నగారికి ఫోను చేయించాను. మాట ఇచ్చారు, సరే, లగ్నపత్రిక ఇంకా రాయలేదు గదా అన్నాను. అవతలి నుంచి చాలాసేపు ఏమీ వినబడలేదట. చివరికి "ఆలోచిస్త" అన్నారట.

ఆయన ఆలోచించే లోపల వచ్చే ఆదివారం మళ్ళీ 'ఏకవీర' పెట్టిస్తున్నాను. ఈసారి బావగారిని తలుపు దగ్గర నిలబడనివ్వను. పెద్దమ్మ మంచం పక్కన కుర్చీ వేయించాను. దాని పక్కన ఇంకో కుర్చీ, పిల్లకు. పల్లీలు రెండు సేర్లు తెప్పించాను. కళ్ళు తుడుచుకోవడానికి ఆయనకో తువ్వాలు కూడా తీసి ఉంచాను, ఉతికిందే.